పాత లాన్ మీద చల్లిన గడ్డి విత్తనం మొలవట్లేదు, ఏటి కారణం?

విజీనగరం_వాకిలి
ఇంటి ముందు మూడు సెంట్ల లాన్. అందులో సెంటున్నర దాకా పలచబడి నేల కనబడుతోంది. గేటు పక్క, మామిడిచెట్టు కింద మరీ బోడి. ఆన్‌లైన్‌లో బెర్ముడా విత్తనం తెప్పించి ఉన్న గడ్డి మీదే చల్లించి, రోజూ సాయంత్రం పైపుతో నీళ్ళు పెట్టాం. మూడు వారాలు దాటింది, ఒక్క మొలకా లేదు. విత్తనం నకిలీదా? ఈ రోహిణి ఎండలకి మాడిపోయిందా? మొత్తం తవ్వేసి గడ్డి షీట్లు పరిపించే స్తోమత లేదు. ఉన్నది ఉంచి ఒత్తుగా చేసుకునే దారి చెప్పండి. స్థలం ఎర్ర గ్రావెల్ పోసి ఎత్తు చేసింది, పైన నాలుగంగుళాలు పొలం మట్టి.

నాగావళి_నర్సరీ
ముందు, ఉన్న గడ్డి ఏ రకమో చెప్పండి. దాన్ని బట్టే మిగతాదంతా. ఆకు చూస్తే పొరపడతాం, కంకి చూడండి. కాడ కొసన ఒకే చోటి నుంచి మూడు నుంచి ఏడు వేళ్ళుగా విడితే బెర్ముడా, అంటే మన గరిక జాతి. వేళ్ళు లేకుండా ఒంటి కంకి నిటారుగా ఉంటే జోయ్‌సియా. మెక్సికన్ అనీ కొరియన్ అనీ నర్సరీకో పేరుతో అమ్మేది అదే జాతి.

విజీనగరం_వాకిలి
ఇప్పుడే చూశాను. నాలుగు, ఐదు వేళ్ళున్నాయి. గరిక జాతే.

బొబ్బిలి_పచ్చిక
అయితే విత్తనంతో ఒత్తు చేసుకోవచ్చు. మొలవకపోవడానికి విత్తనం కన్నా చల్లిన తీరే కారణం అయి ఉంటుంది. బెర్ముడా గింజ మిల్లీమీటరున్నర పొడవు కూడా ఉండదు, కిలోకి 40 లక్షల పైనే తూగుతాయి. పాత గడ్డి మీద పడితే అది ఆకుల్లో, కింద ఎండు పీచులో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. సాయంత్రం తడుస్తుంది, మర్నాడు పదింటికల్లా ఎండుతుంది. మొలక చీలడం మొదలైన గింజ ఒకసారి ఎండితే మళ్ళీ లేవదు. గింజకి మట్టి తగలాలి, పై అర అంగుళం మట్టి పగలంతా చెమ్మగా ఉండాలి. ఈ రెండూ జరగలేదు.

రాజాం_రోడ్డు
అలగని విత్తనాన్ని వదిలేస్తే ఎలగ? రెండేళ్ళు గోడౌన్‌లో మగ్గిన గింజని కొత్త కవర్లో పోసి అమ్మేవాళ్ళు లేరా? ప్యాకెట్ మీద మొలక శాతం, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేవో చూడమనండి.

టెక్కలి_మాస్టారు
వాదన ఎందుకు, పరీక్ష చేస్తే తేలిపోతుంది. మిగిలిన విత్తనంలోంచి ఏరకుండా వంద గింజలు లెక్కపెట్టండి. స్టీలు పళ్ళెంలో తడి టిష్యూ కాగితం రెండు మడతలు వేసి, గింజలు విడివిడిగా పరిచి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు కప్పి వెలుతురున్న చోట పెట్టండి. నేరుగా ఎండ తగలకూడదు. పొట్టు తీసిన గింజైతే పది రోజుల్లో లెక్క వచ్చేస్తుంది, పొట్టుతో ఉన్నదైతే మూడు వారాలు ఆగాలి. డెబ్బై దాటితే మంచి విత్తనం. నలభై, యాభై మధ్య ఉంటే మోతాదు రెట్టింపు చేసుకోవచ్చు. అంతకన్నా తక్కువైతే పారేయండి.

గజపతినగరం_గట్టు
చీమల సంగతి ఎవరూ అనలేదేం? గట్టు వెంట వరసకట్టి పోతుంటే చూడండి, నోట్లో ఉన్నది మీ గింజే. పైపైన చల్లి వదిలేస్తే వాటికి పుట్ట దగ్గర పెళ్ళిభోజనమే. పిచ్చుకలు, పావురాలు సరేసరి.

బొబ్బిలి_పచ్చిక
గట్టు గారు చెప్పింది నిజం. మట్టి కప్పడానికి సగం కారణం అదే. చీమల మందు పుట్టల దగ్గర, అంచుల వెంట వేస్తే చాలు, లాన్ నిండా చల్లకండి.

వాకిలి గారూ, ఒకటి అడగాలి. ఈ మధ్య కలుపు రాకుండా ఏమైనా మందు కొట్టించారా?

విజీనగరం_వాకిలి
ఉగాది తర్వాత తోటపని చేసే అతను పసుపురంగు మందు ఒకటి పిచికారీ చేశాడు. సీసా ఇంకా ఉంది, పెండిమిథాలిన్ 30 శాతం అని రాసుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

బొబ్బిలి_పచ్చిక
పూర్తిగా ఉంది. అది మొలిచిన కలుపుని చంపే మందు కాదు, మొలకని పుట్టకుండా ఆపే మందు. మట్టి పైపొరలో పల్చటి తెరలా నిలుస్తుంది. ఆ పొరలో ఏ చిన్న గింజ పగిలినా వేరు అక్కడే మొద్దుబారి ఆగిపోతుంది. అది ఊద గింజా గరిక గింజా అని చూడదు. వేళ్ళు దిగిన పాత గడ్డికి ఏమీ కాదు కాబట్టి మందు ఉన్నట్టే తెలీదు. మోతాదుని బట్టి, నేలని బట్టి రెండు నుంచి నాలుగు నెలలు పనిచేస్తుంది.

టెక్కలి_మాస్టారు
మందు ఇంకా ఉందో లేదో కూడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. లాన్‌లో పైన ఒక అంగుళం మట్టి మాత్రమే గీకి ఒక టీ కప్పులో, మందు తగలని పెరటి మట్టి ఇంకో కప్పులో పోయండి. రెండింట్లో ఒకే విత్తనం చిటికెడు చల్లి ఒకేలా తడపండి. పెరటి కప్పులో మొలిచి లాన్ కప్పులో మొలవకపోతే మందు పోలేదు. రెండింట్లోనూ మొలిస్తే నిక్షేపంగా చల్లుకోవచ్చు. ఇది, పళ్ళెం పరీక్ష, రెండూ ఒకేరోజు మొదలుపెట్టండి.

రాజాం_రోడ్డు
ఇది నాకు తెలీదు మాస్టారూ. రాసి పెట్టుకున్నా.

విజీనగరం_వాకిలి
రెండూ చూశాను. పళ్ళెంలో వందకి డెబ్బై నాలుగు మొలిచాయి. పెరటి కప్పు పచ్చబడింది, లాన్ మట్టి కప్పులో అక్కడక్కడా నాలుగు మొలకలు, అవీ మొండిగా ఆగిపోయాయి. అంటే విత్తనం మంచిదే. ఇప్పుడేం చేయమంటారు?

బొబ్బిలి_పచ్చిక
మృగశిర వానలు పడనివ్వండి. తడి, వేడి కలిస్తే ఆ మందు త్వరగా విరుగుతుంది. జూన్ నెలాఖరున కప్పు పరీక్ష మళ్ళీ చేసి, మొలకలు సమానంగా వస్తే ఆరుద్రలో మొదలుపెట్టండి. లెక్కలన్నీ సెంటుకి చెబుతున్నా, అంటే 435 చదరపు అడుగులకి. మీ సెంటున్నరకి ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

కోత: ఇప్పుడు అంగుళంన్నర ఎత్తుంటే ఒకేసారి బోడిగుండు చేయకండి. మూడు నాలుగు రోజుల తేడాతో రెండు విడతల్లో ముప్పావు అంగుళానికి దించండి. కోసిన గడ్డి మొత్తం ఎత్తేయాలి.

పీచు: ఇదే అసలు పని. గడ్డిని రెండు చేతులతో పాయ తీసినట్టు విడదీసి చూడండి. పచ్చని ఆకుకీ మట్టికీ మధ్య గోధుమరంగు ఎండు పొర ఉంటుంది, వేలితో నొక్కితే దిండులా దిగుతుంది. అది అర అంగుళం దాటితే ఏ విత్తనమూ నేలకి చేరదు. ఇనుప దంతెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా బలంగా లాగండి. సెంటుకి మూడు నాలుగు తట్టల చెత్త వస్తుంది, కంగారు పడొద్దు. పాత కాడల మధ్య మట్టి గీతలు గీతలుగా కనబడేదాకా లాగాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత చేసేదంతా వృథా.

గట్టినేల: గేటు పక్క బోడి అయింది విత్తనం లేక కాదు, తొక్కుడుకి. గ్రావెల్ మీద మీ పొలం మట్టి అణిగిపోయి ఉంటుంది. తడిపిన మర్నాడు గునపంతో గానీ ముళ్ళ పారతో గానీ అరచేతి వెడల్పుకి ఒకటి చొప్పున నాలుగంగుళాల లోతు పొడవండి. పొడిచి కాస్త ఊపి తీయండి. ఎండినప్పుడు పొడిస్తే పనిముట్టు వంగుతుంది తప్ప నేల విచ్చుకోదు. అక్కడ రోజూ నడక తప్పదనుకుంటే నాలుగు నాపరాళ్ళు పరవడం మేలు.

ఎరువు: విత్తనానికి ముందు డీఏపీ 300 నుంచి 400 గ్రాములు, లేదా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఒక కిలో. యూరియా ఇప్పుడు వద్దు. పాత గడ్డి దాన్ని తాగి ఎగబడి కొత్త మొలకకి నీడ కమ్మేస్తుంది.

విత్తనం: పొట్టు తీసిన బెర్ముడా 200 గ్రాములు. ఎక్కువ వేస్తే ఒత్తుగా వస్తుందనుకోవద్దు, మొలకలు ఒకదాన్నొకటి అణుచుకుని కుళ్ళు తగులుతుంది. రెండు కిలోల పొడి ఇసుకలో బాగా కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. గాలి లేని పొద్దున పూట చేయండి.

పైమట్టి: జల్లెడ పట్టిన ఏటి ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, మీ లాన్ మట్టి లాంటిదే ఒక పాలు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు. సెంటుకి సిమెంటు గోతాలతో ఐదు గోతాలు పడుతుంది. పాత గడ్డి కొసలు బయటికి కనబడుతూ ఉండాలి. చీపురు బోర్లించి రుద్దితే మట్టి కాడల మధ్యకి జారుతుంది. పావు అంగుళం దాటి కప్పితే ఆ చిన్న గింజకి పైకి వచ్చే సత్తువ ఉండదు.

చివరగా సగం నీళ్ళు పోసి మూత బిగించిన డ్రమ్ము ఒకసారి దొర్లించండి. లేదా పలక వేసి దాని మీద నడవండి.

నాగావళి_నర్సరీ
అన్నీ బాగున్నాయి, ఒక్కటి గట్టిగా చెబుతా. వర్మీకంపోస్టు దొరకలేదని పశువుల గెత్తం వాడొద్దు. మాగని గెత్తంలో ఊద, తుంగ, గునుగు గింజలు కుప్పలుగా ఉంటాయి. చెదలకి కూడా అది పిలుపే. రోజుకి మూడుసార్లు తడుపుతాం కాబట్టి మీ గరిక కన్నా ముందు అవే లేస్తాయి. చెరువు మట్టితోనూ అదే తంటా.

సోంపేట_ఇసుక
బొబ్బిలి గారి పైమట్టి మీ గ్రావెల్ నేలకి సరే, మా తీరం వైపు పనికిరాదు. ఇక్కడ నేలే ఇసుక, మళ్ళీ ఇసుక కలిపితే గంటలో ఆరిపోతుంది. మా ఉద్దానం వైపు కొబ్బరి పొట్టు దండిగా దొరుకుతుంది, పీచు తీసి తడిపి కడిగినది సగం, వర్మీకంపోస్టు సగం వేసుకోవాలి. కడగకుండా వేస్తే అందులో ఉప్పు మొలకని పట్టుకుంటుంది. సముద్రపు ఇసుక ఏ నేలకీ వద్దు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించండి. ఎదిగిన గరిక ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది, మొలక ఓర్చుకోదు. ఆరిన నేల మీద తెల్లటి పొర, ఆకు కొసలు మాడడం కనబడితే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. అలాంటి చోట వానల్లో తప్ప విత్తనం జోలికి పోవద్దు, వాన ఉప్పుని కడిగి కిందికి దింపుతుంది.

రాజాం_రోడ్డు
ఆరుద్ర అంటున్నారు గానీ నాకు నచ్చలేదు. ఒక్క జడివానకి గింజంతా కొట్టుకొచ్చి పల్లంలో కుప్ప పడుతుంది. ఫిబ్రవరి నెలాఖరు మేలు. వాన భయం లేదు, కలుపు తక్కువ, నీళ్ళు మన చేతిలో ఉంటాయి.

బొబ్బిలి_పచ్చిక
రోడ్డు గారూ, ఫిబ్రవరి కుదరదని అనను. బోరు బాగుండి, పగలు నాలుగుసార్లు తడిపే మనిషి ఇంట్లో ఉంటే అదే శుభ్రమైన పని. కానీ ఏప్రిల్ వచ్చేసరికి వేరు రెండంగుళాలైనా దిగి ఉండాలి, లేకపోతే ఎండకి పోతుంది. రాత్రి చలి ఇంకా ఉంటే మొలక కూడా ఆలస్యం. బెర్ముడా గింజకి వెచ్చటి నేల కావాలి, 24 నుంచి 35 డిగ్రీల మధ్య చకచకా లేస్తుంది. ఆరుద్రలో అది ఉచితంగా దొరుకుతుంది. కొట్టుకుపోకుండా తడి గోనెలు పరిచి, అంచుల్లో రాళ్ళు పెడితే సరి. ఏటవాలుగా ఉన్న చోట మీ మాటే నిజం, అక్కడ విత్తనం వద్దు, కాడలే నాటాలి.

టెక్కలి_మాస్టారు
ఏ పక్షమైనా సరే, సెప్టెంబరు మధ్య దాటాక చల్లొద్దు. మన జిల్లాలకి అక్టోబరు తుపాను నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి. వేరు పట్టని మొలక మీద రెండు రోజులు నీళ్ళు నిలిస్తే మిగలదు.

గజపతినగరం_గట్టు
గోనెలు ఎప్పుడు తీయాలో చెప్పండి. అక్కడే చాలామందికి దెబ్బ.

నాగావళి_నర్సరీ
ఐదో రోజు నుంచి పొద్దున్నే ఒక మూల ఎత్తి చూడాలి. తెల్లటి మొన సూదిలా కనబడిన సాయంత్రమే తీసేయాలి. రెండ్రోజులు ఆలస్యం చేస్తే మొలక పాలిపోయి గోనె కన్నాల్లోంచి దూరి పైకొస్తుంది. అప్పుడు గోనె లాగితే మొలకలు దానితోపాటే తెగివస్తాయి. మధ్యాహ్నం ఎండలో తీయకండి. వరిగడ్డి కప్పితే అందులో మిగిలిన వడ్లు మొలుస్తాయి, అది ఇంకో పని.

నీళ్ళ లెక్క: మొదటి రెండు వారాలు సెంటుకి ఒక్కో తడికి 40 నుంచి 60 లీటర్లు, ఎండ ఉన్న రోజు మూడు నాలుగుసార్లు. మామూలు పైపుకి సన్నజల్లు మూతి పెడితే రెండు మూడు నిమిషాల పని. నీళ్ళు పారకూడదు, నిలవకూడదు. ఆఖరి తడి నాలుగింటికల్లా అయిపోవాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే మొదలు నల్లబడి మొలకలు గుండ్రంగా మచ్చలు మచ్చలుగా పడిపోతాయి. అలా కనబడితే తడులు తగ్గించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి ఆ మచ్చల చుట్టూ తడపండి.

చీపురుపల్లి_చిగురు
మాది మెక్సికన్ షీటు లాన్. అక్కడక్కడా పోయింది. దీని మీద బెర్ముడా చల్లేయొచ్చా?

బొబ్బిలి_పచ్చిక
చల్లొద్దు. బెర్ముడా దూకుడుగా పాకుతుంది, జోయ్‌సియా నిదానం. రెండు రంగులు, రెండు ఎత్తులు, ఏడాదిలో లాన్ అతుకుల బొంత. తర్వాత ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తీసే మందు మనకి సులువుగా దొరకదు. ఆరోగ్యంగా ఉన్న చోటు నుంచి అరచేయంత ముక్కలు వేళ్ళతో సహా కోసి, పోయిన చోట ఆరంగుళాలకి ఒకటి నాటండి. ఎక్కువ కావాలంటే కడియం నర్సరీల నుంచి వచ్చే షీటే ముక్కలు చేసుకోండి. ముందు పోయిన చోట గడ్డిని పట్టి లాగండి. చాపలా లేచి వస్తే కింద వేరుపురుగు ఉంది. ఎండు గడ్డి మీద మట్టి పూత కనబడితే చెదలు. అవి ఉండగా ఏం నాటినా వాటికే.

సోంపేట_ఇసుక
షీటుగా అమ్మే హైబ్రిడ్ బెర్ముడాలకీ ఇదే మాట. టిఫ్‌వే 419 లాంటివి గింజ కట్టవు. వాటి మీద మామూలు బెర్ముడా గింజ చల్లితే ముదురు రంగు మధ్య లేతరంగు, వెడల్పాకు తేడాగా కనబడుతుంది. కాడలే నాటుకోవాలి. రెండు మూడు కణుపులున్న కాడ తీసుకుని, రెండు కణుపులు మట్టిలో, కొస బయట.

విజీనగరం_వాకిలి
మామిడి కింద ఏం చేయాలి? అక్కడా ఇదే విత్తనమా?

నాగావళి_నర్సరీ
అక్కడ ఒక్క గింజ కూడా వేయకండి. బెర్ముడాకి రోజుకి కనీసం ఆరు గంటల నేరు ఎండ ఉండాలి. నీడలో మొలుస్తుంది, సాగుతుంది, రెండు నెలల్లో పోతుంది. కింది కొమ్మలు కొన్ని తీయించి మూడు నాలుగు గంటల ఎండ తెప్పించగలిగితే వెడల్పాకు కార్పెట్ గడ్డి గానీ బఫెలో గడ్డి గానీ కాడలతో నాటండి. అంత ఎండ కూడా రాదంటే గడ్డి ఆశ మానేసి ఆ వలయం వరకు ఇటుకలు పేర్చి మొక్కలు పెట్టుకోండి. ఏది వేసినా రాలిన మామిడాకు రోజూ ఊడవాలి. తడి ఆకు కింద గడ్డి వారంలో పసుపు తిరుగుతుంది.

రాజాం_రోడ్డు
మొలిచాక మొదటి కోత ఎప్పుడు? తుంగ లేస్తే మందు కొట్టొచ్చా?

బొబ్బిలి_పచ్చిక
కొత్త గడ్డి అంగుళంన్నర నుంచి రెండంగుళాలు దాటాక, నేల ఆరి ఉన్నప్పుడు. మామూలుగా నాలుగో వారం. బ్లేడు పదును పెట్టించి కోయండి. మొద్దు బ్లేడు లేత మొక్కని కోయదు, పీకుతుంది. ఎత్తులో మూడో వంతుకి మించి ఒకేసారి తీయొద్దు. ఆ కోత అయ్యాక సెంటుకి 200 గ్రాముల యూరియా, పొడి ఆకు మీద చల్లి వెంటనే బాగా తడపండి. అక్కణ్ణించి తడుల సంఖ్య తగ్గించి ఒక్కో తడిలో ఎక్కువ నీళ్ళివ్వండి, వేరు లోతుకి దిగుతుంది.

మందుల విషయంలో ఓపిక పట్టండి. మూడు నాలుగు కోతలయ్యేదాకా ఏ కలుపు మందూ వద్దు. అప్పటిదాకా తుంగని చేత్తోనే, తడి నేలలో బొరిగెతో గడ్డతో సహా తీయాలి. ఆకు తెంపితే గడ్డ నుంచి మళ్ళీ వస్తుంది. తర్వాత మరీ ఎక్కువైతే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ తుంగ మీద పనిచేస్తుంది, గరికని పెద్దగా ముట్టదు. మోతాదు ప్యాకెట్ మీదున్నదే, అంతకి మించి ఒక్క గ్రాము వద్దు. పెండిమిథాలిన్ మళ్ళీ వాడాలంటే వచ్చే ఏడాదికి చూసుకోండి.

చీపురుపల్లి_చిగురు
చలికాలంలో పచ్చగా ఉండాలంటే రై గడ్డి చల్లుతారట కదా, వీడియోల్లో చూపిస్తున్నారు.

టెక్కలి_మాస్టారు
అది చలి బాగా పడి గరిక గోధుమరంగుకి తిరిగే చోట్ల చేసే పని. మన దగ్గర డిసెంబరులో కూడా గరిక పూర్తిగా నిద్రపోదు, కాస్త నెమ్మదిస్తుంది అంతే. రై గడ్డి చల్లటి వాతావరణం మొక్క, మార్చి ఎండకి చచ్చిపోతుంది. అప్పటిదాకా నీళ్ళూ వెలుతురూ అదే తింటుంది, కింద గరిక ఇంకా పలచబడుతుంది. ఆ డబ్బుతో నవంబరులో ఒక విడత డీఏపీ, పొటాష్ వేసి వారానికో మంచి తడి ఇవ్వండి, గరికే పచ్చగా ఉంటుంది.

విజీనగరం_వాకిలి
గేటు పక్క నాపరాళ్ళు, మామిడి కింద కార్పెట్ గడ్డి, మిగతా సెంటుకి ఆరుద్రలో విత్తనం. దంతె లేదు, గట్టి కొబ్బరి చీపురుతో పీచు తీయొచ్చా?

బొబ్బిలి_పచ్చిక
చీపురు పైచెత్తనే లాగుతుంది, పీచు కదలదు. ఇనుప సామాన్ల కొట్లో పన్నెండు, పద్నాలుగు పళ్ళ దంతె తీసుకోండి, పళ్ళు వంగినవి కాదు, నిటారుగా ఉన్నవి. కర్ర వేరేగా అమ్ముతారు, మీ భుజం ఎత్తుకి తక్కువ లేనిది ఎంచుకోండి.